డ్రెయిన్ బోల్ట్ దగ్గర ఆయిల్ కారుతోందా? ముందు స్పానర్ పక్కన పెట్టండి

పొద్దున్నే బండి కింద ఆయిల్ మరక కనిపిస్తే ఎవరైనా చేసే మొదటి పని చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే భాగం) కింద ఆయిల్ దించడానికి ఉండే డ్రెయిన్ బోల్ట్‌ని ఇంకాస్త బిగించడం. నేనూ అదే చేశాను, రెండుసార్లు. మూడోసారి అది బిగుసుకోకుండా గిర్రున తిరిగింది, పనైపోయింది. బోల్ట్ స్టీలు, చాంబర్ అల్యూమినియం, ఆ రెండూ కొట్లాడితే ఓడిపోయేది చాంబరే.

అసలు ఆయిల్‌ని ఆపేది వాషర్. థ్రెడ్ల (మరల) పని బోల్ట్‌ని పట్టి ఉంచడం వరకే. అందుకే ముందు ఆ చుట్టుపక్కలంతా పెట్రోలు గుడ్డతో తుడిచి (ఇంజిన్ బాగా చల్లారాకే సుమా), ఆరాక కొంచెం పౌడర్ చల్లి, ఓ పది నిమిషాలు బండి తిప్పి చూడండి, చెమ్మ ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది.

తర్వాత ఆయిల్ దించేసి బోల్ట్‌ని వెలుతురులో చూడండి. థ్రెడ్ల సందుల్లో వెండి తీగలాంటి సన్నటి ముక్కలు చుట్టుకుని ఉంటే అది మీ చాంబర్ అల్యూమినియమే. అవేమీ లేకుండా వాషర్ మాత్రం పల్చబడి గాడి పడిపోయి ఉంటే అదృష్టవంతులు, కొత్త వాషర్‌తో వదిలిపోతుంది.

థ్రెడ్ కొద్దిగానే పోతే ఒక చిట్కా ఉంది. చాలాసార్లు పాత బోల్ట్ రంధ్రం చివరిదాకా వెళ్లదు, లోపలి థ్రెడ్లు కొత్తగానే ఉంటాయి. అదే సైజులో మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న బోల్ట్ దొరికితే వాటిని పట్టుకుంటుంది. కానీ లోపల దేనికైనా తగులుతుందేమో, చేత్తో తిప్పుతూ మెల్లగా చూసుకోవాలి.

పూర్తిగా పోయిందా, లేత్ షాపుకే వెళ్లండి. మామూలు 12 మి.మీ. బోల్ట్ అయితే రంధ్రాన్ని 12.5కి డ్రిల్ చేసి 14×1.5 ట్యాప్ (14 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. ఎడంతో థ్రెడ్లు కోసే పనిముట్టు) కొట్టి పెద్ద బోల్ట్ వేయొచ్చు, గోడ మందం ఉంటేనే. నా ఓటు మాత్రం స్టీల్ బుష్‌కే (లోపలా బయటా థ్రెడ్లున్న చిన్న గొట్టం, రంధ్రంలో బిగిస్తారు), ఎందుకంటే పాత సైజు బోల్టే పడుతుంది, విప్పి బిగిస్తున్నా అంత తొందరగా అరగదు. బుష్ బయటి థ్రెడ్‌కి లాక్‌టైట్ (థ్రెడ్లు వదులవకుండా పట్టే జిగురు) రాయమనండి, బుష్ అంచు పైకి పొడుచుకు రాకుండా చూడమనండి, లేకపోతే వాషర్ సరిగా కూర్చోదు, మళ్లీ మొదటికే వస్తుంది. ట్యాప్‌కి గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి రాదు కాబట్టి మిగిలిన పొడి పోవడానికి చవక ఆయిల్ ఓ పావులీటరు పోసి కిందకి వదిలేయండి.

టెఫ్లాన్ టేపు, ఎం-సీల్ జోలికి పోవద్దు. టేపు ముక్కలు స్ట్రైనర్‌లో (ఆయిల్ జల్లెడలో) చేరతాయి, ఎం-సీల్ పెడితే వచ్చే ఆయిల్ మార్పుకి ఉలి పట్టుకోవాల్సిందే. పైగా వదులైన బోల్ట్ హైవే మీద ఊడిందంటే ఇంజిన్ సీజ్ అవడానికి (బిగుసుకుపోవడానికి) ఎంతోసేపు పట్టదు.

చివర్లో కొత్త వాషర్ వేసి, బోల్ట్‌ని చేత్తోనే ఆఖరిదాకా తిప్పి, అప్పుడు స్పానర్ పట్టండి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకె, చిన్న బైకులకి ఇది మామూలుగా 25-30 న్యూటన్ మీటర్ల లోపే. రాత్రికి బండి కింద పాత పేపరు పరిచి పడుకోండి, పొద్దున దాని మీద మరక ఉందో లేదో చూడండి.