కొత్త లెన్స్ టెస్ట్ చేసే ముందు ఇవి చూస్కోండి

కొత్త 50ఎంఎం లెన్స్‌తో ఫొటో మసకగా వచ్చిందని వెంటనే రిటర్న్ పెట్టేయకండి ప్లీజ్.

- ఫిల్టర్ తీసేయండి, గ్లాస్ మీద వేలిముద్రలు ఉన్నాయేమో చూడండి.
- ట్రైపాడ్ తప్పనిసరి. స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే సెట్టింగ్) ఉంటే ఆఫ్, 2 సెకన్ల టైమర్, ఐఎస్ఓ 100.
- న్యూస్‌పేపర్‌ని గోడకి ముడతల్లేకుండా అంటించి రెండున్నర మీటర్ల దూరంలో కెమెరాని దానికి సరిగ్గా ఎదురుగా పెట్టండి, కొంచెం వంకరున్నా ఒక పక్క అక్షరాలు మసకబారి లెన్సే పోయిందనిపిస్తుంది, అందుకే నేనైతే పేపర్ మధ్యలో చిన్న అద్దం ఆనించి అందులో లెన్స్ నడిమధ్యన కనపడేదాకా జరుపుతా.
- ప్రతి షాట్‌కీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ చేయించండి. డీఎస్ఎల్ఆర్‌లో లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ చూస్తూ తీసిన) ఫొటో షార్ప్‌గా ఉండి వ్యూఫైండర్‌లోంచి తీసింది లేకపోతే లెన్స్ బాగానే ఉన్నట్టు, ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్‌ని సరిచేసే కెమెరా సెట్టింగ్) చూస్కోవాలి.
- ఎఫ్ 1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచినప్పుడు, ఫొటో మూలలు మెత్తగా ఉండటం మామూలే, రంధ్రం చిన్నదయ్యే ఎఫ్ 5.6లో కూడా ఒక్క పక్కే మసకగా ఉంటే అప్పుడు మార్చుకోండి.