బీటెక్‌లో డిటెయిన్ కాకుండా క్రెడిట్లు లెక్కపెట్టుకునే పద్ధతి

రిజల్ట్స్ వచ్చిన మర్నాడు మా ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీ ముందు నిలబడ్డ పిల్లల్ని "ఎట్లా వచ్చాయి నాన్నా?" అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే తీరు జవాబు. "నాలుగు పోయాయి మేడమ్." "రెండే పోయాయి మేడమ్." క్రెడిట్లు, అంటే సబ్జెక్టు పాసైతే దానికి లెక్కగట్టి ఇచ్చే పాయింట్లు, ఎన్ని వచ్చాయో చెప్పేవాళ్లు అరుదు. పై ఏడాదికి పంపాలా, లేక అక్కడే ఆపేయాలా (దీన్నే డిటెయిన్ అంటారు) అని యూనివర్సిటీ చూసేది ఆ క్రెడిట్లనే.

హైదరాబాద్ శివార్లలో, జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా ఈ కౌంటర్ చూస్తున్నాను. కింద రాసే అంకెలు ఆర్22 రెగ్యులేషన్స్‌వి, అంటే 2022-23 నుంచి 2024-25 దాకా చేరిన బ్యాచ్‌లకు వర్తించేవి. మీది సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే, లేదా మీరు వేరే రెగ్యులేషన్ కింద ఉంటే, లేదా ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరి ఉంటే అంకెలు వేరుగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ బ్రాంచ్ సిలబస్ కాపీలో ప్రతి సబ్జెక్టు పక్కన చివరి గడిలో క్రెడిట్ల అంకె ఉంటుంది. ఎడమవైపు సబ్జెక్టు పేరు, మధ్యలో దాని క్రెడిట్లు, కుడివైపు పాసైతే అదే అంకె మళ్లీ, ఫెయిలైతే సున్నా రాయండి. ల్యాబ్‌లు కూడా రాయాలి. ఒకటి, ఒకటిన్నర క్రెడిట్లే కదా అని చాలామంది వదిలేస్తారు, చివర్లో ఆ ఒకటిన్నరే గట్టున పడేస్తుంది. కుడివైపు వరుస మొత్తం కూడితే మీ చేతిలో ఉన్నది తెలుస్తుంది.

మొదటి ఏడాది రెండు సెమిస్టర్లకు కలిపి 40 క్రెడిట్లు. రెండో ఏడాదిలోకి వెళ్లాలంటే అందులో సగం, అంటే 20 ఉండాలి. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి అప్పటిదాకా ఉన్న 80లో 48 కావాలి. మూడు నుంచి నాలుగుకు 120లో 72. చివరికి పట్టా చేతికి రావాలంటే మొత్తం 160 రావాలి. మొదట సగం చాలన్న నిబంధన తర్వాత 60 శాతానికి పెరుగుతుంది. సరిగ్గా 20తో గట్టెక్కినవాళ్లు రెండో ఏడాది అయ్యేసరికి ఇంకో 28 తెచ్చుకోవాలి. ఆ ఏడాది సబ్జెక్టులు కూడా తేలికవి కావు.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. సీఎస్‌ఈ. వన్-వన్‌లో, అంటే మొదటి ఏడాది మొదటి సెమిస్టర్‌లో, నాలుగు పోయాయి: మ్యాథ్స్ 4 క్రెడిట్లు, కెమిస్ట్రీ 4, సీ ప్రోగ్రామింగ్ 3, బేసిక్ ఎలక్ట్రికల్ 2. ఇరవైలో పదమూడు పోయి ఏడు మిగిలాయి. వన్-టూ (రెండో సెమిస్టర్) పరీక్షలతో పాటే వన్-వన్ సప్లీ, అంటే పోయినవి మళ్లీ రాసే పరీక్ష, కూడా వచ్చింది. ఆ అబ్బాయి మ్యాథ్స్, కెమిస్ట్రీలకు మాత్రమే ఫీజు కట్టాడు. పెద్ద సబ్జెక్టులు ముందు తీసేద్దామనుకున్నాడు, పైగా ఇంట్లో నాన్న మ్యాథ్స్ గురించే అడుగుతున్నాడట. ఎలక్ట్రికల్ రెండు క్రెడిట్లే కదా, తర్వాత చూద్దామనుకున్నాడు. రెండు సప్లీలూ పోయాయి. వన్-టూలో మళ్లీ మ్యాథ్స్ 4, ఫిజిక్స్ 4 పోయి పన్నెండు వచ్చాయి. ఏడూ పన్నెండూ పంతొమ్మిది.

ఒక్క క్రెడిట్ తక్కువై ఏడాది ఆగిపోయింది.

డిటెన్షన్ లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు వాళ్ల నాన్న కూడా వచ్చాడు. చేతిలో మెమో ప్రింటవుట్ నాలుగు మడతలు పెట్టి పట్టుకున్నాడు. "ఒక్కటే కదమ్మా తక్కువ, అదెక్కడైనా కలపరా?" అని అడిగాడు. కలపడానికి ఉండదు. ఆ సప్లీ ఫారం తీసుకుని ముద్ర వేసిచ్చింది నేనే. ఎలక్ట్రికల్ ఎందుకు కట్టలేదని ఆ రోజు అడిగి ఉంటే? అప్పటి నుంచి నా టేబుల్ మీద ఒక రఫ్ ప్యాడ్ పెట్టుకున్నాను. సప్లీ ఫీజుకు ఎవరు వచ్చినా ముందు వాళ్ల చేతే ఆ కూడిక వేయిస్తాను.

అందుకే సప్లీకి ఏది చదవాలి అనే దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. గీత దాటడానికి ఎన్ని క్రెడిట్లు కావాలో చూసి, మీరు కచ్చితంగా పాసవ్వగలిగిన సబ్జెక్టులతోనే ఆ అంకె నింపండి. అది రెండు క్రెడిట్లదైనా సరే. గీత దాటాక నాలుగు క్రెడిట్లవాటి సంగతి చూడొచ్చు. డబ్బు సర్దుబాటైతే పోయినవాటన్నిటికీ ఫీజు కట్టండి. కట్టి రాయకపోతే పోయేది ఫీజు, కట్టకపోతే రాసే అవకాశమే ఉండదు.

సబ్జెక్టు ఎంపికకు ఇంకో లెక్క కూడా చూడాలి. పాస్ కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో, అంటే సెమిస్టర్ చివరి యూనివర్సిటీ పరీక్షలో, 60కి కనీసం 21 రావాలి, ఇంటర్నల్‌తో (కాలేజీలో వేసే మార్కులతో) కలిపి 100కి కనీసం 40 రావాలి. సప్లీలో మీ పాత ఇంటర్నల్ మార్కులే వెంట వస్తాయి. ఇంటర్నల్ 28 ఉన్న సబ్జెక్టులో 21 తెచ్చుకుంటే బయటపడతారు. ఇంటర్నల్ 15 ఉన్నదానిలో 25 కావాలి. ఆ నాలుగు మార్కుల తేడా వల్ల ఆగిపోయినవాళ్లను ఎంతమందినో చూశాను. కాబట్టి మీ కాగితంలో నాలుగో వరుస గీసి ఇంటర్నల్ మార్కులు కూడా రాసుకోండి.

రీవాల్యుయేషన్ వేశాం కదా, అందులో పాసైపోతాం అని సప్లీ ఫీజు మానేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ ఫలితం వచ్చేలోపు సప్లీ ఫీజు చివరి తేదీ దాటిపోవచ్చు.

ఇక క్రెడిట్లు లేని సబ్జెక్టులు కొన్ని ఉంటాయి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కాన్‌స్టిట్యూషన్, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ లాంటివి. ప్రమోషన్ లెక్కలోకి రావు కానీ పాస్ కాకపోతే డిగ్రీ రాదు. ఫైనల్ ఇయర్‌లో ఉద్యోగం చేతిలో పెట్టుకుని వీటికోసం పరుగెత్తడం చాలా కష్టం.

ఇప్పుడు అటెండెన్స్. క్రెడిట్లు ఎన్ని ఉన్నా హాజరు లేకపోతే పరీక్షే రాయనివ్వరు. అన్ని సబ్జెక్టులూ కలిపి సగటున 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపించి ఫీజు కడితే కండొనేషన్ (తక్కువైన హాజరుకు మినహాయింపు) ఇవ్వొచ్చు, అది కూడా కాలేజీ కమిటీ ఒప్పుకుంటేనే. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు. సెమిస్టర్‌కు 90 పనిదినాలు, రోజుకు ఆరు పీరియడ్లు అనుకుంటే మొత్తం 540 పీరియడ్లు. అందులో 135 మించి పోతే 75 దిగిపోతారు. అంటే మొత్తం మీద ఇరవై రెండు రోజులు. పండక్కి ఊరెళ్లి వారం, అక్క పెళ్లికి వారం, జ్వరం వచ్చి వారం, అంతే, దాదాపు అయిపోయినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా 75 శాతం హాజరే చూస్తారని గుర్తుంచుకోండి.

జ్వరమొచ్చి మానేసినవాళ్లు తిరిగి కాలేజీకి వచ్చిన రోజే డాక్టరు కాగితాలు, టెస్టు రిపోర్టులు మీ మెంటర్‌కు ఇచ్చి, ఒక జిరాక్స్ మీ దగ్గర పెట్టుకోండి. సెమిస్టర్ చివర్లో, షార్టేజీ లిస్టు వచ్చాక తెచ్చే సర్టిఫికెట్‌ను కమిటీలో నమ్మడం కష్టం. నిజంగా డెంగీతో పదిహేను రోజులు మంచాన పడ్డ అమ్మాయి కూడా ఆ ఆలస్యం వల్ల నానా తిప్పలూ పడింది.

ఇవన్నీ దాటి డిటెయిన్ అయితే ఏం చేయాలి? ముందు ఏ రకమో తెలుసుకోండి. అటెండెన్స్ వల్లయితే ఆ సెమిస్టర్ మొత్తం వచ్చే ఏడాది మళ్లీ చదవాలి. క్రెడిట్ల వల్లయితే పాసైన సబ్జెక్టులు పోవు. ఇంటి దగ్గర చదువుకుంటూ సప్లీలు రాసి, కావాల్సిన అంకె రాగానే తర్వాతి బ్యాచ్‌తో పై ఏడాదిలో చేరొచ్చు. రెండింటికీ రీఅడ్మిషన్ దరఖాస్తు పెట్టాలి, దానికి గడువు ఉంటుంది. ఈలోపు కొత్త రెగ్యులేషన్ వచ్చి ఉంటే బదులు సబ్జెక్టులు రాయాల్సి రావచ్చు, వాటి జాబితా ముందే అడిగి తీసుకోండి. నాలుగేళ్ల కోర్సు పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎనిమిదేళ్లు ఇస్తారు, కాబట్టి ఒక ఏడాది పోయిందని కాలేజీ మానేయాల్సిన పనిలేదు. ఇంట్లో మాత్రం ఆ రోజే చెప్పండి. రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరి ఎక్కడో బస్టాండులో కూర్చుని సాయంత్రం ఇంటికెళ్లిన పిల్లలు నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో సప్లీకి ఏం చదువుతారు?

ఆ అబ్బాయి ఆ ఏడాది ఎలక్ట్రికల్, సీ ప్రోగ్రామింగ్ రెండూ తీసేసి 24తో వచ్చాడు. రీఅడ్మిషన్ ఫారంతో పాటు ఒక కాగితం కూడా కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు. నాలుగు వరుసలు గీసి, కింద ఎర్ర పెన్నుతో "ఇంకా 24 కావాలి" అని రాసి ఉంది. మూడో ఏడాదిలోకి వెళ్లడానికి అవసరమైన 48కి అదే సరైన లెక్క.