పంచాయతీలకు ఎమ్మెల్యే ఎలా అండగా నిలవాలి?

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానితోనే రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లోని తాగునీరు, ప్రాథమిక విద్య వంటి 29 అంశాలు పంచాయతీలకు దఖలు పడిపోయాయని చాలామంది నమ్ముతారు. 243జి అధికరణాన్ని నిదానంగా చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఆ అంశాలపై పంచాయతీలకు అధికారాలను రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వవచ్చు అని మాత్రమే అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ కొత్తగా ఎన్నికైన శాసనసభ్యుని పని ఆ ‘ఇవ్వవచ్చు’ అన్న మాట దగ్గరే మొదలవుతుంది. ఊరికి రోడ్డు వేయించే ఎమ్మెల్యేలు మనకు చాలామంది ఉన్నారు, ఆ రోడ్డు వేసుకునే అధికారాన్నీ డబ్బునూ పంచాయతీకే ఇప్పించేవారు తక్కువ. ఈ వ్యాసం రెండో పని చేయదలచుకున్నవారి కోసం.

ముందుగా మీ రాష్ట్ర చట్టాన్ని దగ్గర పెట్టుకోండి: ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణకు 2018 నాటిది. ఒక నోటు పుస్తకంలో 29 అంశాలనూ వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదుట విధి ఎవరిది, నిధి ఎవరి ఖాతాలో ఉంది, సిబ్బంది ఎవరి మాట వింటారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు నింపండి. తాగునీటినే తీసుకుంటే, పంపు ఆపరేటర్ జీతం, మోటారు మరమ్మతు, బ్లీచింగ్ పౌడర్ ఖర్చు పంచాయతీవి, పెద్ద పథకాలు మాత్రం గ్రామీణ నీటి సరఫరా శాఖ చేతిలో ఉంటాయి. ప్రాథమిక విద్య జాబితాలో ఉంది, కానీ ఉపాధ్యాయుడు బడికి రాకపోతే సర్పంచ్ చేయగలిగింది ఫిర్యాదు రాయడమే. ఈ పట్టిక నింపడానికి మీ మండలంలో అనుభవమున్న ఇద్దరు ముగ్గురు పంచాయతీ కార్యదర్శులను కూర్చోబెట్టుకుంటే, శాఖ ఇచ్చే నివేదికలో కనిపించని నిజాలు బయటికి వస్తాయి.

తర్వాతది డబ్బు. నా దృష్టిలో శాసనసభ్యుడు అన్నిటికన్నా ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడే. 243ఐ అధికరణం ప్రకారం ప్రతి ఐదేళ్లకు రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించాలి. రాష్ట్ర పన్నుల రాబడిలో స్థానిక సంస్థల వాటా ఎంత ఉండాలో ఆ సంఘం సిఫారసు చేస్తుంది. ఆ సిఫారసులను, వాటిపై ప్రభుత్వం తీసుకున్న చర్యలను వివరించే నివేదికతో కలిపి, శాసనసభ ముందు ఉంచాలని రాజ్యాంగమే చెబుతోంది. సభ ముందుకు రావలసిన పత్రం కాబట్టి దాన్ని అడిగే హక్కు మీకు ఉంది, అడగకపోతే ఆ లోపం కూడా మీదే. కేంద్ర 15వ ఆర్థిక సంఘం ఇంకొక ముడి కూడా వేసింది: రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించి, చర్యల నివేదికను సభలో పెట్టని రాష్ట్రానికి 2024 మార్చి తర్వాత స్థానిక సంస్థల గ్రాంట్లు ఇవ్వరాదని సిఫారసు చేసింది. 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు ఆ సంఘం సూచించిన మొత్తం 2,36,805 కోట్ల రూపాయలు. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని చెప్పింది. సభలో ఒక పత్రం పెట్టకపోవడం వల్ల ఊరి కుళాయికి నీళ్లు రాకుండా పోవచ్చు అన్న సంగతిని మీ నియోజకవర్గ సర్పంచులకు ఒకసారి వివరించి చెప్పండి, మీ వెనుక ఎంత బలం నిలుస్తుందో మీకే తెలుస్తుంది.

బడ్జెట్ సమావేశాల్లో పంచాయతీరాజ్ పద్దుపై మాట్లాడే అవకాశం వస్తే, ఊళ్ల పేర్లు చదివి సమస్యలు ఏకరువు పెట్టడంతో సరిపెట్టకండి. కేరళలో 1996లో ప్రజా ప్రణాళికా ఉద్యమం మొదలైన నాటి నుంచి రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో పెద్ద వాటాను స్థానిక సంస్థలకు ఇస్తున్నారు. ఏ పంచాయతీకి ఎంతో బడ్జెట్ పత్రాల నాలుగో అనుబంధంలోనే అచ్చవుతుంది. ఏడాది మొదట్లోనే తన వాటా తెలిసిన సర్పంచ్ ఎవరినీ ప్రాధేయపడనక్కరలేదు. అటువంటి అనుబంధం మన బడ్జెట్‌లోనూ ఉండాలని కోత తీర్మానం (పద్దులో నామమాత్రపు కోత కోరుతూ ఒక విషయాన్ని సభ దృష్టికి తెచ్చే తీర్మానం) ఇవ్వండి.

ప్రశ్నోత్తరాల సమయంలో అడిగే ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే జవాబు అంత నికరంగా వస్తుంది. ‘పంచాయతీలకు నిధులు సక్రమంగా అందుతున్నాయా’ అని అడిగితే ‘అందుతున్నాయండి’ అని ముగుస్తుంది. దానికి బదులు ఇలా రాయండి: ‘పంచాయతీరాజ్ శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా: (అ) గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా జిల్లాలో స్టాంపు డ్యూటీ సర్‌చార్జీ, గనుల సీనరేజీ (ఖనిజాల తవ్వకంపై రుసుము) కింద వసూలైన మొత్తం ఎంత, (ఆ) అందులో ఏ తేదీన ఎంత మొత్తాన్ని పంచాయతీల ఖాతాలకు జమ చేశారు, (ఇ) మిగిలినది ఎప్పటిలోగా జమ చేస్తారు?’ తేదీ అడిగిన ప్రశ్నకు డొంకతిరుగుడు జవాబు ఇవ్వడం కష్టం. మంత్రి సభలో ‘చేస్తాం’ అంటే దాన్ని ప్రభుత్వ హామీల కమిటీ దృష్టికి తీసుకువెళ్లండి.

సర్పంచ్ బిల్లు రాలేదని మీ కార్యాలయానికి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆయన చేతిసంచిలో పంచాయతీ తీర్మానం నకలు, అంచనా కాగితం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) రాసిన ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) జిరాక్సు, ట్రెజరీ టోకెన్ నంబరు రాసుకున్న చీటీ ఉంటాయి. సొంతంగా అప్పు తెచ్చి సీసీ రోడ్డు పోయించిన మనిషి ఆ కాగితాలను ఎంత జాగ్రత్తగా మడత పెట్టుకుని ఉంటాడో గమనించండి. వెంటనే ఫోను తీసి ఆ ఒక్క బిల్లు ఇప్పిస్తే ఆయన మీకు రుణపడతాడు, పక్క ఊరి బిల్లు మాత్రం అక్కడే ఉంటుంది. పని పూర్తయిన తేదీ, కొలతలు నమోదైన తేదీ, బిల్లు ట్రెజరీకి చేరిన తేదీ, టోకెన్ పడిన తేదీ రాసుకోండి. మిగతా పంచాయతీల నుంచి కూడా అవే నాలుగు తేదీలు తెప్పించండి. అన్నీ ఒకే మెట్టు దగ్గర ఆగి ఉంటే అది గుమాస్తా నిర్లక్ష్యం అనుకోలేము, పైనుంచి వచ్చిన నిర్ణయమే. దాన్ని అడగవలసిన చోటు శాసనసభ.

ఎన్నికల విషయంలో మొహమాటం వద్దు. 243ఇ అధికరణం ప్రకారం పాలకవర్గం గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరితే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి మొదలైన ప్రత్యేకాధికారుల పాలన 2025 డిసెంబరు ఎన్నికల దాకా సాగింది. రెండు రాష్ట్రాల్లోనూ, వేర్వేరు పార్టీల ప్రభుత్వాల హయాంలోనూ ఇదే జరిగింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగుతాయి. గడువుకు ఏడాది ముందే రిజర్వేషన్ల ఖరారు, వార్డుల విభజన ఎంతవరకు వచ్చాయో సభలో అడగండి. మీరు అధికారపక్షంలో ఉంటే శాసనసభాపక్ష సమావేశంలో అడగండి.

చట్ట సవరణ బిల్లు వచ్చినప్పుడు ‘ప్రభుత్వం నిర్దేశించిన విధంగా’ అన్న పదాల కింద గీత గీసుకుంటూ చదవండి. చట్టం ఒక చేత్తో ఇచ్చిన అధికారాన్ని జీవో మరో చేత్తో లాక్కునే దారి అదే. సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉన్న చోట, ముందుగా సంజాయిషీ వినాలనీ నిర్ణీత గడువులో విచారణ ముగించాలనీ సవరణ ప్రతిపాదించండి.

ఇక ఊళ్లో మీ నడవడిక. మండల పరిషత్తులో, జిల్లా పరిషత్తులో మీరు పదవి రీత్యా సభ్యులు. సర్వసభ్య సమావేశానికి మొదటి నుంచి చివరి దాకా కూర్చోండి, మీ ప్రసంగం అయ్యాక లేచిపోతే అధికారులూ మీ వెంటే బయటికి వస్తారు, ఎంపీటీసీలు ఖాళీ కుర్చీలకు సమస్యలు చెప్పుకోవలసి వస్తుంది. పంచాయతీ నిధులతో కట్టిన భవనానికి సర్పంచ్ చేతనే రిబ్బను కత్తిరింపించండి, ముఖ్యంగా ఆమె మహిళ అయితే, ఆమె భర్తను వేదిక మీదికి పిలవకండి. నియోజకవర్గ అభివృద్ధి నిధి నుంచి పని మంజూరు చేసే ముందు గ్రామసభ తీర్మానం అడగండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని లేకపోతే, తీర్మానం నంబరు, తేదీ వేసుకుని వచ్చేదాకా సిఫారసు లేఖపై సంతకం పెట్టకండి.