ఊహల్లో ఊరు కడదాం – 3వ పాఠం: ఒక్క నియమాన్ని ఇంటింటికీ తిప్పడం

రెండో పాఠం చివర మీ ఊహా సమాజానికి ఒకే ఒక్క నియమం రాసి పెట్టుకోమన్నాను. కాగితం బయటికి తీయండి. "మా ఊళ్లో అందరూ సుఖంగా ఉంటారు" అని రాసుంటే కొట్టేయండి. అది కోరిక. నియమం అయితే రేపు పొద్దున ఎవరో ఒకరు దాన్ని పాటించగలగాలి, ఇంకొకరు తప్పగలగాలి, తప్పినవాళ్లని పట్టుకోవడానికి వీలుండాలి. "ఎవరికీ సొంత ఇల్లు ఉండదు", "పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివాళ్లూ ఏడాదిపాటు ఊరి చెత్త ఎత్తాలి", "పరీక్షలు ఉండవు". ఇలాంటివి కావాలి.

ఈ మూడోది తరగతిలో చేయిస్తే సగంమంది పిల్లలు రాసేదే. నవ్వి పక్కన పెట్టకండి, చాలా మంచి నియమం అది. పరీక్షలు లేకపోతే డాక్టర్ ఎవరవ్వాలో ఎలా తేలుస్తారు అని అడిగి చూడండి. లాటరీ అంటారు కొందరు. టీచరే చెప్తారు అంటారు ఇంకొందరు. అప్పుడు టీచర్ ఇంటికి నెయ్యి డబ్బాలు, మామిడిపళ్ల బుట్టలు చేరడం మొదలవుతుంది. డాక్టర్ కొడుకు డాక్టర్ అవుతాడు, కుమ్మరి కొడుకు కుమ్మరి అవుతాడు, గొడవుండదు కదా అని ఎవరో ఒకరు అంటారు. అంటే పరీక్షలు తప్పించుకోవడానికి బయల్దేరి, మూడు ప్రశ్నల్లో కులవృత్తుల దగ్గరికి చేరారన్నమాట. ఆ మాట మీరు చెప్పకండి. వాళ్లలోనే ఎవరికో తడుతుంది, కాసేపు ఆగండి.

ఈ పాఠంలో నేర్చుకునేది ఆ పనే. రాసుకున్న నియమాన్ని ఊరంతా నడిపించి, ఏ ఇంటి ముందు సాఫీగా సాగుతుందో, ఏ ఇంటి ముందు చిక్కుకుంటుందో చూడటం. మంచి సమాజమా, పీడకలా అన్నది ఇప్పుడే తేల్చుకోవద్దు.

నేనొక ఊరు తీసుకుంటాను. పేరు సమపాలెం. నియమం: ప్రతి మనిషికీ రోజుకి 55 లీటర్ల నీళ్లు, ఒక్క చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ అంకె గాల్లోంచి తీసుకోలేదు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకి ఇవ్వాలని పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. ప్రభుత్వం దాన్ని కనీసంగా పెట్టింది, నేను దాన్నే గరిష్ఠం కూడా చేశాను. ఊహా సమాజానికి పెద్ద పెద్ద ఊహలు అక్కర్లేదు. ఉన్న ఏర్పాటులో ఒక్క మర బిగిస్తే చాలు.

ముందు ఈ నియమం వల్ల బాగుపడినవాళ్ల గురించి రాయండి. మనసు పెట్టి రాయండి. సమపాలెంలో చివరి వీధికి ఒకప్పుడు వారానికి రెండుసార్లు ట్యాంకర్ వచ్చేది. ట్యాంకర్ వచ్చిన రోజు పెద్దమ్మాయి బడికి వెళ్లేది కాదు. ఇప్పుడు ఐదుగురున్న ఆ ఇంటికి రోజూ 275 లీటర్లు, కుళాయి తిప్పితే వస్తాయి. సర్పంచ్ ఇంట్లోనూ ఐదుగురే, అక్కడా 275 లీటర్లే. సర్పంచ్ గారి కారు దుమ్ముతో ఉంటుంది. దాన్ని చూసి ఊరు మురిసిపోతుంది. ఇది చదివినవాళ్లకి "ఇలాంటి ఊళ్లో ఉంటే బావుండు" అనిపించాలి. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇక్కడ ఓపిక పట్టరు, రెండో పేరాలోనే ఊరిని కూల్చేస్తారు. ఆశ పెట్టని ఊరు కూలితే ఎవరికి బాధ?

ఇప్పుడు మిగతా గుమ్మాలకి వెళ్దాం. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఒకావిడకి రెండు గేదెలు. ఆవిడ వాటా 55 లీటర్లు. ఎండాకాలంలో ఒక పాడి గేదె తాగడానికే దాదాపు అన్ని కావాలి. నియమంలో "మనిషి" అని ఉంది. గేదె సంగతేంటి? పక్క వీధిలో బాలింత. పసిబిడ్డకీ 55 లీటర్లు వస్తాయి కాబట్టి ఆ ఇల్లు హాయిగానే ఉంది. ఆ పైది ఇడ్లీ బండి. దాని పక్క ఇంట్లో వచ్చే నెల పెళ్లి, మూడు వందలమంది చుట్టాలు. వాళ్ల వాటా నీళ్లు వాళ్ల వాళ్ల ఊళ్లలో ఉన్నాయి.

ఒక్కో గుమ్మం ఊరిని ఒక ప్రశ్న అడుగుతుంది. ఊరు ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబులోంచి కొత్త ఉద్యోగమో, కొత్త అలవాటో, కొత్త మోసమో పుడుతుంది. సమాజం రూపం దిద్దుకునేది అక్కడే. గేదెకీ వాటా ఇద్దాం అని పంచాయతీ తీర్మానం చేస్తే గేదెల రిజిస్టర్ పుడుతుంది. రిజిస్టర్ ఉన్నచోట, రిజిస్టర్‌లో తప్ప కొట్టంలో లేని గేదె కూడా ఉంటుంది. పెళ్లి సంగతి ఊరు పట్టించుకోకపోతే శుభలేఖ మీద "నీళ్లతో సహా విచ్చేయ ప్రార్థన" అన్న లైను వచ్చి చేరుతుంది. కొన్నేళ్లకి అదే మర్యాద అయిపోతుంది. ఖాళీ చేతులతో వెళ్లినా పర్వాలేదు, ఖాళీ క్యాన్‌తో వెళ్తే మాత్రం ముఖం మాడ్చుకుంటారు.

"అప్పుడేమవుతుంది?" అన్న ప్రశ్న ప్రతి జవాబు మీదా మూడుసార్లు వేయండి. రెండోసారికి తెలిసిన విషయాలే వస్తాయి. మూడోసారి మీరు అనుకోనిది వస్తుంది. నాలుగోసారి అడక్కండి, నాలుగోదానికి అందరూ తిరుగుబాటో యుద్ధమో రాసేస్తారు. సమపాలెంలో నేను చేసి చూపిస్తాను.

నీళ్ల వాటా మనిషికింత అని ఉంది. అప్పుడేమవుతుంది? తక్కువ వాడుకునే మనుషులున్న ఇంట్లో నీళ్లు మిగులుతాయి. తక్కువ వాడుకునేదెవరు? మంచంలో ఉన్న ముసలివాళ్లు. అప్పుడేమవుతుంది? ముసలివాళ్లకి గిరాకీ పెరుగుతుంది. నిన్నటిదాకా వంతులు వేసుకుని నెలకొక కొడుకు ఇంట్లో ఉంచిన తల్లిని ఇప్పుడు ముగ్గురు కొడుకులూ మా దగ్గర ఉండమంటే మా దగ్గర ఉండమంటారు. సంబంధాలు చూసే పేరయ్య "అబ్బాయికి ఇంకా ఉద్యోగం లేదు గానీ ఇంట్లో నలుగురు పెద్దవాళ్లండీ, రోజుకి 220 లీటర్లు" అంటాడు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. అప్పుడేమవుతుంది? ఆ నలుగురిలో ఒకరు రాత్రి కన్నుమూస్తారు. ఆ ఇంట్లో ఎవరూ బయటికి ఏడవరు. ఏడిస్తే 55 లీటర్లు పోతాయి.

అక్కడ కలం ఆపండి. ఈ ఊళ్లో నియంత లేడు, సీసీ కెమెరా లేదు, ఎవరి మెదడులోనూ చిప్ పెట్టలేదు. నియమం ఇప్పటికీ న్యాయమైనదే. చివరి వీధి అమ్మాయి ఇప్పటికీ బడికి వెళ్తోంది. అయినా ఒక ఇంట్లో శవాన్ని దాచారు. పిల్లలు రాసే చీకటి సమాజాల్లో ఎప్పుడూ ఒక దుర్మార్గుడు కుర్చీలో కూర్చుని ఉంటాడు. వాడు ఉంటే చదివేవాళ్లకి సుఖం, తప్పంతా వాడి మీద వేసి పుస్తకం మూసేయొచ్చు. నా లెక్కలో దుర్మార్గుడు లేకుండా రాసిందే కష్టమైన డిజైన్, మార్కులు దానికే.

మరి ఈ ఊరు మంచిదా, చెడ్డదా? దానికి మూడు చోట్ల చూడాలి. కొలిచేదెవరు, అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి, నచ్చకపోతే వదిలి వెళ్లొచ్చా. సమపాలెంలో మీటర్ రీడింగ్ తీసే మనిషిని ఏడాదికోసారి వీధివాళ్లే ఎన్నుకుంటే ఒక రకం ఊరు. ఆ మనిషి చెప్పిందే ఆఖరి మాట, ఫిర్యాదు కూడా ఆ మనిషికే ఇవ్వాలి అంటే ఇంకో రకం. నియమంలో అక్షరం మార్చక్కర్లేదు.

ఈ మూడూ నిజంగా ఎలా పనిచేస్తాయో తెలియాలంటే కథల్లోకి వెళ్లక్కర్లేదు, అమెరికాలో ఇలాంటి ఊరు నిజంగానే కట్టారు. రైళ్లకి స్లీపర్ బోగీలు తయారుచేసిన జార్జ్ పుల్‌మన్ 1880లో షికాగో పక్కన తన కార్మికుల కోసం ఒక ఊరు కట్టించడం మొదలుపెట్టాడు. పేరు కూడా పుల్‌మన్ అనే. ఆ రోజుల్లో షికాగో కూలీలు ఇరుకు కొంపల్లో, మురుగు మధ్య బతికేవాళ్లు. ఇక్కడ ఇటుక ఇళ్లు, కుళాయిలు, గ్యాస్, మురుగు కాలువలు, పార్కు, లైబ్రరీ, థియేటర్. చూడటానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవాళ్లు. సారా కొట్టు ఒక్కటీ లేదు. మందు దొరికేది హోటల్ బార్‌లోనే, అది విజిటర్లకోసం.

అన్నిటి వెనకా ఉన్న నియమం ఒకటే. ఇల్లు అద్దెకే, ఎవరూ కొనుక్కోవడానికి లేదు, అంతా కంపెనీదే. మంచి రోజుల్లో ఇది పెద్దగా ఎవరికీ పట్టలేదు. పది రోజుల నోటీసుతో ఇల్లు ఖాళీ చేయించొచ్చన్న షరతు కాగితం మీద ఉంది గానీ దాన్ని ఎవరు చదువుతారు? 1893లో అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చింది. బోగీలకి ఆర్డర్లు తగ్గాయి. కంపెనీ జీతాలు సుమారు నాలుగో వంతు కోసింది. అద్దెలు మాత్రం పైసా తగ్గించలేదు. కంపెనీ మాట ఏమిటంటే, బోగీల వ్యాపారం వేరు, ఇళ్ల వ్యాపారం వేరు అని. అద్దె పోను కొందరి చేతికి చిల్లర మాత్రమే మిగిలింది. ఎవరికి చెప్పుకుంటారు? జీతం ఇచ్చేదీ, అద్దె తీసుకునేదీ ఒక్కరే. ఊరు వదిలేస్తే ఇల్లూ, కొలువూ ఒకేసారి పోతాయి. 1894 మే నెలలో సమ్మె మొదలైంది. రైల్వే కార్మికుల సంఘం పుల్‌మన్ బోగీలు తగిలించిన రైళ్లు నడపబోమని తోడు నిలిచేసరికి దేశంలో చాలా రైళ్లకి చిక్కొచ్చిపడింది. అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని పంపి అణిచేశాడు, యూనియన్ నాయకుడు యూజిన్ డెబ్స్ జైలుకి వెళ్లాడు. కొన్నేళ్లకి, 1898లో, కార్ఖానాకి అవసరం లేని ఆ ఇళ్లు కంపెనీ చేతిలో ఉండటానికి వీల్లేదని ఇల్లినాయ్ సుప్రీంకోర్టు తేల్చింది.

పార్కు అదే, కుళాయి అదే. 1885లో చూసినవాళ్లకి స్వర్గం, 1894లో ఉన్నవాళ్లకి బోను. మీ ఊహా సమాజానికి కూడా ఇలాంటి ఒక కరువు సంవత్సరం పెట్టి చూడండి. అంతా సమృద్ధిగా ఉన్నప్పుడు ఏ నియమమైనా మంచిదే.

చిన్న పక్కదారి. పాత రచయితలు ఈ పని ఎలా చేశారో చూస్తే పాఠం బాగా పట్టుబడుతుంది. ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ 1516లో అచ్చువేసిన "యుటోపియా" అనే ఊహా ద్వీపం కథలో జనానికి బంగారం మీద ఆశ ఉండదు. ఆ మాట ఊరికే చెప్పి వదిలేస్తే ఎవరు నమ్ముతారు? ఆయన బంగారంతో మూత్రపాత్రలు, బానిసలకి సంకెళ్లు చేయించాడు. గుణం చెప్పకుండా వస్తువు చూపించాడు, దొంగిలించాల్సిన కిటుకు అది. అదే ద్వీపంలో రోజుకి ఆరు గంటలే పని. ఎంత బావుంది అనుకుంటుండగా, అనుమతి లేకుండా ఊరు దాటి రెండోసారి దొరికితే బానిసత్వమే శిక్ష అని వస్తుంది. పైన చెప్పిన మూడో ప్రశ్న గుర్తుందా?

1905లో మద్రాసు నుంచి వచ్చే "ఇండియన్ లేడీస్ మ్యాగజీన్"లో బెంగాల్ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ ఊహించిన ఒక దేశం కథ "సుల్తానాస్ డ్రీమ్" అచ్చయింది. ఆమె మార్చింది ఒకే ఒక్క నియమం. ఆ దేశంలో పరదా మగవాళ్లకి, లోపల ఉండేది వాళ్లే. దాని వెనకే మిగతావన్నీ వచ్చాయి. మగవాళ్లు లోపలుంటే నేరాల్లేవు, నేరాల్లేకపోతే పోలీసులు అక్కర్లేదు. ఆఫీసులో మగవాళ్లు చుట్టలు కాల్చడానికే ఆరు గంటలు పాడుచేస్తారట, ఆడవాళ్లు రెండు గంటల్లో పని ముగించేస్తారు. ఆమె లెక్క చూసి నవ్వుతాం, నవ్వాక మన ఇళ్లు గుర్తొస్తాయి. ఆ దేశంలో అబద్ధం ఆడినవాళ్లని మళ్లీ రావద్దని బయటికి పంపేస్తారు. అది అబద్ధమో కాదో తేల్చేదెవరు? మీ కాగితం మీద ఈ ప్రశ్న ఆమెకి కూడా రాయండి. ఇష్టమైన రచయిత అయితే మాత్రం వదిలేయడం ఎందుకు.

తరగతిలో చేయించేవాళ్లకి రెండు మాటలు. గ్రూపుకి నలుగురికి మించొద్దు. నియమం రాసిన పిల్లని ఆ ఊళ్లో అందరికంటే ఇబ్బంది పడే ఇంట్లో కూర్చోబెట్టండి. రాసినవాళ్లే రాజులవుతామని అడుగుతారు, ఒప్పుకోకండి. చార్టు మీద జెండా, జాతీయ పక్షి, కరెన్సీ నోటు బొమ్మలు వేయడానికే పీరియడ్ అంతా అయిపోతుంది, కాబట్టి అవి చివరికి ఉంచండి. పిల్లలెవరైనా తమ ఇంటి సంగతి, కులం సంగతి ఊరి పేరు మార్చి రాస్తే అందరి ముందు ఆరా తీయొద్దు. ఊహా ఊరు కాబట్టే ఆ మాట బయటికి వచ్చింది.

ఒంటరిగా నేర్చుకునేవాళ్లు ఈ వారం చేయాల్సిన పని: మీ నియమానికి ఆరు గుమ్మాలు రాయండి. మొదటి రెండూ బాగుపడిన ఇళ్లు, తర్వాతి మూడూ నియమం చిక్కుకుపోయిన ఇళ్లు. ఆరోది ఆ ఊరు వదిలి వెళ్లాలనుకుంటున్న మనిషిది. ఆ మనిషి ఎవరి సంతకం తీసుకోవాలి, ఏం వదిలేసి వెళ్లాలి, వెనక ఉన్నవాళ్లకి ఏమవుతుంది అన్నది ఒక పేజీలో రాయండి. ఎవరి సంతకం అక్కర్లేదు, హాయిగా వెళ్లొచ్చు అని వస్తే, అందరూ ఎందుకు వెళ్లిపోలేదో రాయండి. నాలుగో పాఠంలో ఈ ఆరో మనిషితోనే మొదలుపెట్టి, ఆ ఊరి బడిలో పిల్లలకి ఏ చరిత్ర చెప్తారో రాద్దాం.