కనెక్ట్ దగ్గర ప్రోగ్రామ్ వేలాడుతోందా?

బెంగళూరు మారతహళ్ళి పీజీ వైఫైలో ఆఫీస్ వీపీఎన్ పడిపోయిందంటే చాలు, మన సీ ప్రోగ్రామ్ కనెక్ట్ కాల్ (అవతలి సర్వర్‌తో లింక్ కలిపే ఫంక్షన్) దగ్గరే బిగుసుకుపోతుంది, అవతల నుంచి జవాబు లేకపోతే లైనక్స్ సిన్ ప్యాకెట్‌ని, అంటే కనెక్షన్ అడిగే మొదటి సందేశాన్ని, మళ్ళీ మళ్ళీ పంపుతూ నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు దాటాక గానీ టైమౌట్ అనదు. ఈ ఎదురుచూపు తగ్గించడానికి పోల్, నాన్‌బ్లాకింగ్ (ఆగకుండా కనెక్ట్ మొదలుపెట్టి, తర్వాత కలిసిందో లేదో చూసుకునే పద్ధతి) గోలంతా అక్కర్లేదు అండి. సాకెట్ తెరిచాక, కనెక్ట్‌కి ముందే సెట్‌సాక్ఆప్ట్ (సాకెట్ సెట్టింగులు మార్చే ఫంక్షన్)‌తో ఎస్ఓ_ఎస్ఎన్‌డీటైమ్ఓ (SO_SNDTIMEO, పంపడానికి ఆగే టైమ్ లిమిట్) 3 సెకన్లు పెట్టేయండి. ఈలోపు కలవకపోతే -1 వస్తుంది, ఎర్నో (errno, ఎర్రర్ కోడ్ ఉండే చోటు)లో ఈఇన్‌ప్రోగ్రెస్ (EINPROGRESS, ఇంకా కలుస్తూనే ఉందని) ఉంటుంది, ఆ సాకెట్ క్లోజ్ చేసి కొత్తది తెరవండి. కలిస్తే మాత్రం మళ్ళీ 0 పెట్టాలి, లేదంటే సెండ్‌కి కూడా అదే 3 సెకన్ల లిమిట్ పడుతుంది. ఇది లైనక్స్ వరకే. హోస్ట్‌నేమ్ ఇస్తే గెట్‌అడ్రిన్‌ఫో (పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే ఫంక్షన్) డీఎన్ఎస్ కోసం ఆగే టైమ్ ఇందులోకి రాదు, అక్కడ ఇరుక్కుంటే ఈ చిట్కా పనిచేయదు.