పిలకాయల్ని బడి బయటికి తీసుకెళ్ళే ముందు

సంక్రాంతి సెలవులయి బడి తెరవగానే ఎనిమిదో తరగతి పిలకాయలు నన్ను అడిగే మొదటి మాట, "ఈసారి ఎక్కడికి టీచర్?" పాకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా సోషల్ చెప్తున్నాను. దాదాపు ప్రతి ఏడూ ఒక ట్రిప్పు తీసుకెళ్ళాను. ఈ మధ్య మా బడికి కొత్తగా వచ్చిన ఇద్దరు టీచర్లు "అక్కా, నలభై మంది పిల్లలతో బయటికంటేనే టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టాల్సింది ఆ చోటికి మీరు ఒకసారి వెళ్ళి చూసి రావడంతో. మిగతా జాగ్రత్తలన్నీ దాని తర్వాతే. ఫోన్‌లో ఫోటోలు చూసి, ఎప్పుడో చుట్టాలతో వెళ్ళింది గుర్తు తెచ్చుకుని ప్లాన్ వేయకండి. ట్రిప్పు బుధవారమయితే ముందు వారం బుధవారమే, అదే టైముకి వెళ్ళండి. నేను మా ఆయన్ని తోడు తీసుకుని స్కూటర్ మీద వెళ్తాను. నా రెండో ట్రిప్పుకి ఇట్లా చూసి రాకుండానే చంద్రగిరి కోటకి పిల్లల్ని శుక్రవారం తీసుకెళ్ళాను. రాజమహల్లోని మ్యూజియంకి శుక్రవారం సెలవు. ఆ సంగతి కనుక్కోకపోవడం నా తప్పు. పాఠంలో చదివిన శిల్పాలు చూస్తామని వచ్చిన పిల్లలు తలుపు దగ్గర నిలబడిపోయిన తీరు నాకింకా గుర్తుంది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు బస్సు ఎక్కడ ఆగుతుందో, దాని తలుపు రోడ్డు వైపుకి తెరుచుకుంటుందా గేటు వైపుకా అన్నది చూడండి. మరుగుదొడ్లు ఎన్ని, నీళ్ళు వస్తున్నాయా, లోపలి గడియ పడుతుందా అన్నది మీరే వెళ్ళి చూడాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకి ఆ గడియ చాలా పెద్ద విషయం. అది లేదనే భయంతో పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండి, మధ్యాహ్నం ఎండకి కళ్ళు తిరిగి పడిపోయిన పాపని నేను చూశాను. ఒకసారి తలెత్తి కూడా చూడండి. పాత కోటల్లో, గుళ్ళలో ఆర్చీల కింద, పెద్ద చెట్లకి తేనెపట్టులు ఉంటాయి. ఒక్కడు రాయి విసిరితే చాలు. పట్టు కనబడితే ఆ వైపు వెళ్ళే దారే మార్చేయండి. కోతులుంటే తిండి కవర్లు బస్సులోంచి దిగకూడదు. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి పేరు తెలుసుకుంటే సరిపోదు, ఒకసారి గేటు దాకా వెళ్ళి దారి చూసుకోండి. తిరుపతి చుట్టుపక్కలయితే పెద్ద ఆపదకి రుయా ఆసుపత్రి ఉంది.

చోటు ఎంచుకోవడంలో నా మాట ఒకటే: దగ్గరిది ఎంచుకోండి. పొద్దున ఎనిమిదికి బయలుదేరి, పొద్దు గూకేలోపు ఊళ్ళో ఉండాలి. మనకి ఆ మాత్రం దూరంలో చూడాల్సినవి తక్కువేమీ లేవు. చంద్రగిరి కోట, తిరుపతిలో సైన్స్ సెంటరు, జూ పార్కు, శ్రీకాళహస్తి కలంకారీ, గుడిమల్లం గుడి ఉన్నాయి. గాదంకిలో 1992లో మొదలైన వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది, ముందుగా హెడ్మాస్టర్ గారి చేత లెటర్ పెట్టించి అనుమతి తీసుకుంటే అక్కడి రాడార్ యాంటెనాలు చూడొచ్చు. రాత్రి ప్రయాణం మాత్రం ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న వాళ్ళ బస్సు రాత్రిపూట భాకరాపేట ఘాట్‌లో లోయలో పడిన సంగతి మన జిల్లా వాళ్ళెవరూ మర్చిపోలేదు.

నెలలు కూడా చూసుకోవాలి. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎట్లా పొంగిందో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళకి ఊళ్ళు ఎట్లా ఖాళీ చేశారో చూశాం. మార్చి వస్తే ఎండ. అందుకే నేను జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకానే పెట్టుకుంటాను.

నీళ్ళ గురించి కొంచెం గట్టిగా చెప్తాను. తలకోన, కైలాసకోన అనగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. తలకోన జలపాతం 270 అడుగులు, అడవి కూడా బాగుంటుంది, చూపించాల్సిందే. కానీ నా ట్రిప్పులో ఏ పిల్లవాడి మడమా తడవదు. లోతు తక్కువనీ, మేం పక్కనే ఉంటామనీ, ఐదు నిమిషాలేననీ పిల్లలతో పాటు టీచర్లు కూడా అడుగుతారు. ఒప్పుకోను. రాళ్ళ మీద పాచి ఉంటుంది, కొండ మీద ఎక్కడో పడిన వానకి కింద నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు, పైన డ్యాం గేట్లెత్తి వదిలిన నీళ్ళకి కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు. వాళ్ళు పెద్ద పిల్లలు, ఈతకని దిగినవాళ్ళూ కాదు. ఈ సంగతి నేను బస్సెక్కే ముందు పిల్లలకే చెప్తాను. భయపెట్టడానికి కాదు, నేనెందుకు వద్దంటున్నానో వాళ్ళకి తెలియాలి కదా.

ఇక ఇంటివాళ్ళ సంతకం. అనుమతి పత్రం తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి. ఎక్కడికి, ఏ బస్సులో, ఎన్నింటికి తిరిగి వస్తాం అన్నవి పైన ఉండాలి. కింద మూడే ప్రశ్నలు: ఫిట్స్, ఆయాసం లాంటివి ఉన్నాయా, రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉందా, పగలు పదకొండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు. మూడో ప్రశ్న మన దగ్గర చాలా అవసరం. మా పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు బెంగుళూరులోనో, చెన్నైలోనో పనిలో ఉంటారు. పత్రంలో నాన్న నంబరు ఉంటుంది, ఇంట్లో ఉండేది అవ్వ. వేలిముద్ర వేసి పంపే అవ్వల ఇళ్ళకి నేనే వెళ్తాను. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని "మా అబ్బోడికి బస్సెక్కితే వాంతులు టీచరమ్మా, సిగ్గుపడి చెప్పడు" అంది. వాడిని ముందు సీట్లో కూర్చోబెట్టి చేతిలో నిమ్మకాయ పెట్టాను. పత్రంలో అది ఎక్కడా లేదు.

బస్సుకి ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్సు నాలుగూ తారీఖులతో సహా చూసి ఫోటో తీసుకోండి. మేం ఎక్కువగా ఆర్టీసీ బస్సే మాట్లాడుకుంటాం. ముందు రోజు రాత్రి నిద్రపోయారా అని డ్రైవర్‌ని అడగడానికి మొహమాట పడకండి.

ఇప్పుడు చెప్పేది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళ కిందట, తిరుపతిలో ఒకచోట చూడ్డం అయిపోయాక 44 మంది పిల్లల్ని బస్సు ఎక్కించాం. ఒక టీచరు తలలు లెక్కపెట్టారు, 44. నేను ఇంకోసారి లెక్కపెట్టాను, 44. బస్సు కదిలింది. రెండు కిలోమీటర్లు పోయాక వెనక సీట్లోంచి ఒక పాప లేచి "టీచర్, ఈ అబ్బోడు మనోడు కాదు" అంది. నా ప్రాణం జారిపోయింది. ప్రభుత్వ బడులన్నింటికీ యూనిఫాం ఒకటే. వేరే ఊరి బడి పిల్లవాడొకడు తన బస్సనుకుని మా బస్సెక్కాడు. మా పిల్లవాడొకడు అప్పుడు మరుగుదొడ్డిలో ఉన్నాడు. అందుకే లెక్క సరిపోయింది. వెనక్కి తిప్పుకుని వెళ్ళేసరికి మావాడు గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి మొహమంతా ఉబ్బిపోయింది. నన్ను చూసి ఏమీ అనలేదు, నా చీర కొంగు పట్టుకున్నాడు. ఊరు వచ్చేదాకా వదల్లేదు.

ఆ రోజు నుంచి నేను తలలు లెక్కపెట్టడం మానేశాను. పదకొండు మందికి ఒక టీచరు. ఆ పదకొండు పేర్లూ ఆ టీచరు చేతిలో కాగితం మీద ఉంటాయి. పేరు పిలిచి, మొహం చూసి, టిక్కు పెట్టాలి. ఒకడి బదులు ఇంకొకడు "ప్రెజెంట్ టీచర్" అంటే ఒప్పుకోకూడదు. దిగినప్పుడు, గేటు దాటినప్పుడు, అన్నాలయ్యాక, ఎక్కినప్పుడు, ఇట్లా నాలుగుసార్లు. పిల్లలకి జంటలు కూడా ఉంటాయి, నీ జంట కనబడకపోతే ఆ నిమిషమే చెప్పాలి అని నేర్పిస్తాను. నాలుగు కాగితాలూ నా చేతికొచ్చి నేను చెప్పేదాకా తాళం తిప్పొద్దని డ్రైవర్‌కి పొద్దున్నే చెప్పేస్తాను. ప్రతి పిల్లవాడి జేబులో చిన్న చీటీ ఉంటుంది: బడి పేరు, ఇద్దరు టీచర్ల నంబర్లు. పిల్లల పేర్లు మాత్రం చొక్కా మీద పెద్దగా రాసి పెట్టకండి. ముక్కూమొహం తెలియనివాడు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాడే అనుకుని వెళ్ళిపోతారు. తప్పిపోతే ఉన్నచోటే ఉండు, వెతుక్కుంటూ తిరగొద్దు, మేమే వస్తాం. ఈ మాట ముందు రోజు వాళ్ళ చేత చెప్పిస్తాను.

తిండికి చింతపండు పులిహోర మంచిది, సాయంత్రం దాకా ఉంటుంది. ఉడికించిన గుడ్డు, అరటిపండు చాలు. వేడి అన్నంలో పెరుగు కలిపి మూత బిగించిన డబ్బా మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మందుల పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, బ్యాండేజీ, ఆడపిల్లలకి ప్యాడ్లు ఉండాలి. ఎవరికైనా పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ చేయకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి 108కి చేయండి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంత చేసి తీసుకెళ్ళి "చూడండి, చూడండి" అంటూ తోలుకుంటూ పోతే పిల్లలకి ఏమీ మిగలదు. ఒక్కో గుంపుకి ఒక్క పని ఇవ్వండి. చంద్రగిరిలో నేను ఇచ్చే పని "ఈ మూడంతస్తుల రాజమహల్లో కర్ర ఎక్కడ వాడారో వెతికి పట్టుకోండి." అరగంట తిరుగుతారు. దొరకదు, ఎందుకంటే అది కర్ర లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మహలు. మరి కప్పు దేని మీద నిలబడింది అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు ఆర్చీ గురించి చెప్తే ఎక్కుతుంది. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకీ, తర్వాత ఇక్కడికీ ఎందుకొచ్చారన్నది కోట వెనకున్న కొండని చూపిస్తే సగం అర్థమయిపోతుంది.

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పనివారి ఇంటికి తీసుకెళ్ళినప్పుడు పదిమందినే లోపలికి పంపాను, మిగతావాళ్ళు వంతు వచ్చేదాకా బయట బొమ్మలు గీశారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ. వెదురు కలం, దానికి చుట్టిన ఉన్ని. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన రంగు. ఆయన గీత గీశారు. పలచగా పడిన ఆ గీత పిల్లలు చూస్తుండగానే నల్లబడింది. ఒకడు గుడ్డ వాసన చూసి "టీచర్, మా అవ్వ దగ్గుకి పెట్టే కరక్కాయే" అన్నాడు. ఆ కరక్కాయలోని వగరే ఇనుముతో కలిసి నల్లబడిందని మరుసటి రోజు సైన్స్ టీచరు చెప్తుంటే క్లాసులో ఒక్కరూ కదల్లేదు. పాలెందుకంటే రంగు గుడ్డ మీద పాకకుండా.

తిరిగి వచ్చాక చివరి పిల్లవాడిని ఇంటివాళ్ళు తీసుకెళ్ళేదాకా బడి గేటు దగ్గర ఒక టీచరు ఉండాలి. నేనే ఉంటాను. అలిసిపోయినా సరే, ఆ రాత్రే ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటాను. పోయిన ఏడాది పేజీలో ఇట్లా ఉంది: "చింతచెట్టు నీడ పన్నెండున్నరకి పక్కకి పోయింది, అన్నాలు పన్నెండుకే పెట్టాలి. నీళ్ళ క్యాను ఇంకొకటి కావాలి. వాంతుల అబ్బోడు కిటికీ పక్క సీట్లో బాగున్నాడు, నిమ్మకాయ అడగలేదు."