లోతు సముద్రం ఫొటోలో బురద మీది జాడలు చదవడం ఎలా

సముద్రం అడుగున నాలుగు వేల మీటర్ల లోతులో తీసిన ఫొటో మొదటిసారి చూస్తే ఇందులో ఏముంది, అంతా బూడిదరంగు బురదే కదా అనిపిస్తుంది. జంతువులు ఎక్కడో ఒకటీ అరా తప్ప కనబడవు. కానీ అవి తిన్నదీ తవ్విందీ విసర్జించిందీ మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే చెరపడానికి అలలు లేవు, పైనుంచి పడే మట్టి కూడా చాలా చోట్ల వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లే. పసిఫిక్ అడుగున ఉన్న పెరూ బేసిన్‌లో 1989లో ఒక ప్రయోగం కోసం బురదను నాగలిలాంటి పరికరంతో దున్నారు, 26 ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఆ చాళ్లు అలాగే ఉన్నాయి. జంతువుల జాడలు అంత లోతుగా ఉండవు కాబట్టి అంతకాలం నిలవవు. పక్క జంతువే వచ్చి తొక్కి, తినేసి పోతుంది.

ముందు లైటు ఎటునుంచి పడుతోందో చూడండి. దీన్ని వదిలేస్తే మిగతాదంతా దండగ. వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన కళ్లకు అలవాటు, అందుకే కెమెరా లైటు ఫొటోలో కిందివైపు నుంచి పడితే గుంట దిబ్బలా, దిబ్బ గుంటలా కనిపిస్తుంది. నేను ఒకసారి సాయంత్రమంతా కూర్చుని బొరియలు లెక్కపెట్టాను, తర్వాత ఫొటో తిరగేస్తే అవన్నీ పెంటకుప్పలు! నిలబడి ఉన్న స్పాంజో, రాయో ఒకటి పట్టుకుని దాని నీడ ఎటు పడిందో చూసి, లైటు పైవైపు వచ్చేలా ఫొటో తిప్పుకోండి.

తర్వాత కొలత. చాలా ఫొటోల్లో రెండు లేజర్ చుక్కలుంటాయి, వాటి మధ్య దూరం తరచుగా 10 సెంటీమీటర్లు, అయినా ఆ యాత్ర లాగ్‌లో సరిచూసుకోండి. కెమెరా ఏటవాలుగా ఉంటే ఆ కొలత చుక్కల దగ్గరే పనికొస్తుంది, ఫొటో పైఅంచు దగ్గర కాదు.

ఇక జాడలు. బురద మీద టూత్‌పేస్ట్ పిండినట్టు మెలికలు తిరిగి ముద్దగా ఉంటే దాదాపుగా అది సముద్ర దోసకాయ అనే మెత్తటి జంతువు పెంట. అది పైపొర బురద మింగి, అందులోని తిండి అరిగించుకుని, మిగతాది వదిలేస్తూ నడుస్తుంది. జూమ్ చేసి అంచులు చూడండి: కొత్తదైతే తాడులా గుండ్రంగా, మడతలు విడివిడిగా ఉంటాయి, పాతదైతే మడతలు కలిసిపోయి, సందుల్లో మెత్తటి నలుసులు చేరి, చివరికి ఉత్త ఉబ్బులా మిగులుతుంది. పక్కనే వరసగా చిన్న చిన్న గుంటలుంటే అవి దాని పాదాల గుర్తులు కావచ్చు.

చుట్టలు చుట్టుకుంటూ పోయిన గీత, లేదా పొలం దున్నినట్టు అటూ ఇటూ మలుపులు తిరిగిన గీత ఏకార్న్ వార్మ్ అనే పురుగుది. ఈ గీత కూడా పెంటే. నాకు వీటిలో బాగా నచ్చేది ఆ వరసల మధ్య ఎడం, స్కేలు పెట్టి గీసినట్టే ఉంటుంది, ఒకసారి తిన్న చోటికి మళ్లీ పోదు. చివర పురుగు లేకపోతే కంగారు పడకండి, కడుపు ఖాళీ చేసుకుని నీళ్లలోకి తేలి ఇంకో చోటికి పోయే రకాలున్నాయి.

ఒక రంధ్రం, దాని చుట్టూ నక్షత్రంలా గీతలు ఉంటే స్పూన్ వార్మ్ అనే పురుగుని అనుమానించండి. ఒళ్లంతా బొరియలోనే దాచుకుని పొడవాటి తొండం ఒక్కటే బయటికి చాచి బురద గీరుకుని తింటుంది, వెనక్కి లాక్కుని మళ్లీ ఇంకో దిక్కుకి చాస్తుంది. గీతల్లో ఏది పదునుగా, ఏది మసకగా ఉందో చూస్తే ఏ దిక్కు ముందు తిందో కూడా తెలిసిపోతుంది.

రెండు పక్కలా గట్లున్న వెడల్పాటి చాలు అయితే గుండె ఆకారపు సీ అర్చిన్ దున్నుకుంటూ పోయి ఉంటుంది. ఐదు చేతుల ముద్ర కనబడితే చెప్పేదేముంది, స్టార్‌ఫిష్షో బ్రిటిల్ స్టారో కాసేపు పడుకుని లేచింది.

చూసింది రాసుకునే షీట్‌లో ముందు ఆకారం, కొలత, దేని మీద ఏది పడింది అనేవి రాయండి, జంతువు పేరు చివర్లో. అట్లాంటిక్ మధ్య శిఖరాల దగ్గర సుమారు 3,500 మీటర్ల లోతులో శాస్త్రవేత్త పీటర్ రోనా బృందానికి 1970ల్లో షడ్భుజాల్లా అమరిన చిన్న చిన్న రంధ్రాలు కనిపించాయి. కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో పేలియోడిక్టియాన్ అని పిలిచే ఆకారం అచ్చం ఇదే. ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగి తవ్వి చూశారు, కింద సొరంగాల వల ఉంది, చేసిన జీవి మాత్రం దొరకలేదు. అది బొరియా, లేక జీవి ఒంటి ముద్రా అన్న వాదన కూడా ఉంది. అలాంటప్పుడు పేరు గడి ఖాళీగా వదిలేయడమే మంచిది.

మనుషుల జాడలతో కూడా జాగ్రత్త. మరీ తిన్నగా, సమాంతరంగా పోయే రెండు గీతలు కనబడితే అది రోబో కిందికి ఆనిన చోటు కావచ్చు.

ఫొటో కాకుండా బురద కోర్, అంటే గొట్టం దింపి పొరలు చెదరకుండా తీసిన బురద, దొరికితే పై 10 సెంటీమీటర్లు నిదానంగా చూడండి, జంతువులు కలియబెట్టేది ఎక్కువగా ఆ మందంలోనే. చుట్టూ మట్టి ముదురుగా ఉండి మధ్యలో లేతరంగు గుండ్రటి మచ్చ ఉంటే, పైపొర మట్టి జారి నిండిన బొరియ కావచ్చు. కోసేటప్పుడు కత్తి చేసిన గీతలు కూడా ఇలాగే మోసం చేస్తాయి, అందుకే పైన పల్చగా ఒక పొర గీకేసి, మచ్చ ఇంకా అక్కడే ఉందో లేదో చూసి అప్పుడు రాసుకోండి.